ఐర్లండ్‌కు ఒకటే రంగు

కల్వకుర్తి దగ్గరి ఒక బడికి హెడ్మాస్టరుగా వచ్చిన రోజు నేను మొదట చేసిన పని గోడలు చూడటం. ఇన్నేళ్లు సోషల్ చెప్పినవాడికి కొత్త బడిలో అడుగుపెట్టగానే కళ్లు గోడల మీదికే పోతాయి. వరండా చివర ప్రపంచ పటం ఉంది. ఎండకు సముద్రం వెలిసిపోయింది, ఆఫ్రికా నిండా క్రికెట్ బంతి మరకలు. యూరప్ దగ్గరికి రాగానే మాత్రం నా కాళ్లు ఆగిపోయాయి. ఆకుపచ్చ ఐర్లండ్‌కు పైమూల వేలిగోరంత పసుపు మచ్చ. మిగతా రంగులన్నీ పాతవి, అదొక్కటీ ఈమధ్య పెట్టింది. అటెండరు నా పక్కకు వచ్చి, "రంగు తప్పువడ్డట్టున్నది సార్, తుడిపియ్యాల్నా?" అన్నాడు. "ముట్టుకోకు," అని కసిరాను. పాపం, అతనికేం తెలుసు.

ఆ మచ్చ పెట్టిన మనిషి చనిపోయి అప్పటికి పది రోజులు. నాకు ఆ కబురు ఆలస్యంగా తెలిసింది, మట్టికి పోలేకపోయాను. పోలేకపోయినందుకు బాధ ఎంతో, తప్పించుకున్నానన్న తేలిక కూడా అంతే ఉందని ఇప్పుడు దాచి లాభం లేదు.

చిట్యాలలో ఆయన్ని అందరూ పెయింటర్ సాబు అనేవాళ్లు. ఆయనకొక పేరు ఉంది గానీ ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. పొడుగు, సన్నం, కుడిచెవి మీద కుంచె, ఎడమచెవి మీద పెన్సిల్. భుజం మీది తువ్వాల మొదట ఏ రంగుదో కొన్నప్పుడు ఆయనకు తెలిసి ఉండాలి. ఆయన కూర్చోగా చూసిన జ్ఞాపకం నాకు లేదు. కుర్చీ వేస్తే దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడేవాడు. చాయ్ నిలబడే తాగేవాడు, అదీ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ. "జర కూసోండ్రి సాబ్," అంటే, "కూసుంటే మోకాళ్లల్ల రంగు గడ్డగడ్తది సార్," అనేవాడు. ఎన్నిసార్లు కుర్చీ వేసినా అదే మాట.

ఒకప్పుడు చిట్యాల నుంచి నార్కట్‌పల్లి దాకా హైవే మీద హోటల్ బోర్డులు, టైర్ల దుకాణం బోర్డులు, విత్తనాల కొట్ల బోర్డులు సగం ఆయన చేతివే. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. పూటలో బోర్డు తయారు, పైన ఓనరు ఫొటో కూడా. సాబు చేతిలోంచి హైవే జారిపోయింది. మిగిలింది సర్కారు బళ్లు. గోడల మీద నినాదాలు, మధ్యాహ్న భోజనం పట్టిక, అన్నిటికన్నా ముఖ్యంగా పటాలు. ఆయన నక్షా అనేవాడు.

నక్షా వేయటం చూడాల్సిందే. దారాన్ని నీలిమందు పొడిలో ముంచి, ఇద్దరు పిల్లలతో రెండు కొసలూ గోడకు ఆనించి పట్టించి, నడిమిట్ల లాగి టప్పున వదిలేవాడు. గోడ మీద నిలువు గీతలు, అడ్డగీతలు పడేవి. అట్లాసు మీద పెన్సిల్‌తో అన్నే గళ్లు గీసుకుని, ఒక్కో గడిలో ఏముందో గోడ మీది గడిలోకి ఎక్కించేవాడు. ముందు సముద్రం వేసేవాడు. "ముందు నీళ్లు పొయ్యాలె సార్. జాగ ఎవలిదన్నది ఎనుక సూస్కుందం," అనేవాడు. దేశాలతో మాట్లాడేవాడు కూడా. "అరే చిలీ, ఎంత సన్నగున్నవుర బేటా, తింటలేవా?" పిల్లలు క్లాసు వదిలేసి ఆయన వెనక చేరేవాళ్లు, నేను కర్ర పట్టుకుని వాళ్ల వెనక.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆయనకు చేతినిండా పని. ప్రతి బడిలో భారతదేశ పటం మీద తెలంగాణకు వేరే రంగు వేయాలి. కృష్ణ పొడుగునా ఆయన వేసిన నీలిగీత చూసి పిల్లలు చప్పట్లు కొడితే, నిచ్చెన మీదే తలవంచి సలాం చేశాడు. తరువాత జిల్లాలు విడిపోయాయి. తుడిచి మళ్లీ వేశాడు. ఇంకో రెండు జిల్లాలు పుట్టాయి. మళ్లీ తుడిచాడు. వాళ్ల అత్తగారిది షాద్‌నగర్. "మా అత్తగారిల్లు పాలమూరు జిల్లాల ఉండె సార్. పండుకొని లేసేసరికి రంగారెడ్డికి పోయింది. మా అత్త మాత్రం గా అరుగు మీదనే కూసున్నది, గదే తిట్లు," అనేవాడు.

ప్రపంచ పటం కూడా రాష్ట్రం వచ్చిన ఆ మొదటి ఎండాకాలమే మా బడిలో వేశాడు. అప్పుడు నేను చిట్యాల పక్క ఊళ్లో స్కూలు అసిస్టెంటుని. మర్నాడు పైఆఫీసరు వస్తాడని బడంతా హడావిడి. సాబు యూరప్‌లో ఉన్నాడు. అట్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గీ ఐర్లండ్ల గీ మూలకు వేరే రంగున్నది. పక్కనున్న ఇంగ్లండు రంగే ఉన్నది. గిదెట్ల?"

నేను రిజిస్టర్లు సర్దుకుంటున్నాను. తల ఎత్తకుండానే, "ఐర్లండ్ ఐర్లండే సాబ్. క్రికెట్ల మొత్తానికి ఒకటే టీము ఆడతది, చూడలేదా? ఒకటే రంగు వెయ్యిండ్రి," అన్నాను.

"బుక్కుల వేరే ఉన్నది సార్."

"గోరంత ముక్క. ఎవరు చూస్తరు?"

ఆయన ఇంకో నిమిషం అక్కడే నిలబడ్డాడు. నేను పేజీ తిప్పాను. ఆయన వెళ్లి ఆ దీవి మొత్తానికి ఆకుపచ్చ పూశాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అదే నెలలో శిక్షణ కోసం వేరే రాష్ట్రం పోతే, అక్కడెవరో నన్ను "ఆంధ్రా సార్" అన్నారని మెస్సులో అన్నం ముందు పెట్టుకుని అరగంట వాదించాను. కాగితం మీద పటం గీసి మరీ చూపించాను. మా గీత ఒక్క వెంట్రుకవాసి అటు జరిగితే ఊరుకోని వాణ్ణి. ఇంకొకళ్ల గీత నాకు గోరంత ముక్క.

మా బడిలో వంట చేసే అక్క ఉండేది. భర్త లేడు, ఒక్కతే కూతురు మౌనిక. ఆ పిల్ల మా బడిలోనే పదో తరగతి చదివి, నల్లగొండలో నర్సింగ్ చేసి, ముసలివాళ్లను చూసుకునే హోములో పని దొరికి విదేశం పోయింది. అక్క ఉన్న అరెకరం అమ్మి పంపింది. ఊరంతా "వంటక్క బిడ్డ లండన్ పోయింది" అంది. నేను ప్రార్థన సమయంలో మైకు పట్టుకుని, "మన బడి పిల్ల ఇయ్యాల లండన్‌లో ఉంది," అని చప్పట్లు కొట్టించాను. మా దిక్కు అంతే. ఆ దేశంలో ఏ మూలకు పోయినా లండనే.

సాబు ఒక్కడే అడిగాడు. "లండన్ల ఏడ అక్కా?"

"ఏమో సాబూ, బెల్‌ఫాస్టో ఏందో అంటది," అంది అక్క, పప్పులో గరిటె తిప్పుతూ.

ఏడాది గడిచింది. ఒక సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సాబు వంటగది గోడ మీద భోజనం పట్టిక మళ్లీ రాస్తున్నాడు. అక్క ఫోను పట్టుకుని ఏడుస్తూ స్టాఫ్‌రూముకు పరుగెత్తుకొచ్చింది.

"సారూ, జర మా పిల్లతోని మాట్లాడుండ్రి. పోలీసోళ్లు పట్టుకున్నరట!"

ఫోను అందుకున్నాను. మౌనిక వెక్కుతూ చెప్పింది. "నిన్న సెలవుండె సార్. దోస్తుతోని కలిసి డబ్లిన్ చూసొద్దామని బస్సెక్కిన. సగం తొవ్వల పోలీసులు బస్సాపి కాగితాలు చూసిన్రు. ఇది వేరే దేశం, నీ వీసా ఇక్కడ చెల్లదన్నరు. ఇంకో బస్సెక్కిచ్చి ఎన్కకు పంపిన్రు. ఇప్పుడు పనికాడ మేనేజరమ్మ, ఎందుకు పోయినవో రాసియ్యి, పైకి పంపాలె అంటాంది. పని పోతే వీసా పోతది సార్. అమ్మకు ఏం చెప్పాలె?"

నేను అక్కకు చెప్పటానికి ప్రయత్నించాను. నీ బిడ్డ ఉన్నది ఒక దేశం, బస్సు పోయింది ఇంకో దేశం, రెండూ ఒకే దీవి మీద ఉన్నాయని.

"ఒక్క గడ్డ మీద రెండు దేశాలేంది సారూ? నడుమ నీళ్లన్న లేకపాయె," అంది అక్క. "నా పిల్లను ఎన్కకు పంపుతరా? వస్తే ఏడికొస్తది? అరెకరం సుత లేకపాయె."

కిటికీ అవతల సాబు నిలబడి వింటున్నాడు. చేతిలో కుంచె, దాన్నుంచి ఎర్రరంగు చెప్పు మీద పడుతోంది. వరండాలోకి పోయాడు. ప్రపంచ పటం ముందు వేలితో గళ్లు లెక్కపెట్టుకుంటూ చాలాసేపు ఉన్నాడు. తిరిగి వచ్చి నేరుగా అక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా, నీ బిడ్డ తప్పు లేదు. తప్పు నాది. గా నక్షా నేనేసిన. గా దీవి మొత్తానికి ఒకటే రంగు పూసిన. గది చూస్కుంటనే గా పిల్ల పెద్దగైంది. ఒకటే దేశమనుకున్నది."

అక్క ఒక క్షణం ఆయన మొహం చూసింది. తరువాత తిట్టిన తిట్లు నేను రాయలేను. "నీ రంగుల మన్నువడ! నా పిల్ల బతుకు మీద పూసినవు గద సాబూ!" అన్నది మాత్రం వాటిలో చిన్నది. హెడ్మాస్టరు వచ్చాడు, టీచర్లందరూ వచ్చారు. సాబు తలవంచుకుని నిలబడ్డాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా వైపు చూశాడు.

నేను నోరు తెరవలేదు. సోషల్ సారునయ్యుండి అట్లాసు చూడకుండా రంగు చెప్పానని అంతమంది ముందర ఒప్పుకోవటానికి నాకు నోరు రాలేదు. ప్రమోషన్ లిస్టులో నా పేరు ఉంది. సిగ్గుపడ్డాను, భయపడ్డాను.

మర్నాడు ఆయన ఒక కాగితం తెచ్చాడు. తెలుగులో రాసుకొచ్చాడు, దాన్ని ఇంగ్లీషులోకి మార్చమన్నాడు. నేను కుర్చీలో, ఆయన కుర్చీ వెనక నిలబడి. అందులో ఉన్నది ఇంతే: అయ్యా, అమ్మా, నేను పెయింటర్ని. మా ఊరి బడిలో ప్రపంచ నక్షా నేను వేశాను. ఐర్లండ్ దీవి మొత్తానికి ఒకటే రంగు వేసి తప్పు చేశాను. మౌనిక ఆ బడి పిల్ల. ఆ పిల్ల తెలిసి గీత దాటలేదు, గీతే నేను వేయలేదు. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి.

ఇంగ్లీషు చేస్తూ చివరికి వచ్చాను. వెనక నుంచి మెల్లగా అడిగాడు. "సార్, ఎవలన్న చెప్తే ఏసిన అని రాయాల్నా?"

నా పెన్ను ఆగింది. ఆ ప్రశ్న ఆయన దేనికి అడిగాడో ఈ రోజుకీ నాకు తెలియదు. నన్ను ఇరికించటానికి కాదు. బహుశా ఉత్తరంలో ఉన్నదంతా నిజం కావాలని.

"అవసరం లేదులెండ్రి సాబ్," అన్నాను.

"సరే సార్," అన్నాడు. కింద సంతకం పెట్టాడు. బోర్డు మీది అక్షరాల మాదిరే, లావుగా, కుడిపక్క నీడతో సహా. దాన్ని ఫోనులో ఫొటో తీసి మౌనికకు పంపాను.

ఆ తరువాత కొన్ని వారాలు చెడ్డగా గడిచాయి. అక్క సాబుకు చాయ్ పోయటం మానేసింది. ఆయన అయినా రోజూ వచ్చి వంటగది గడప అవతల నిలబడి, "ఏమన్న తెలిసిందా అక్కా?" అని అడిగి వెళ్లేవాడు. ఆమె పొయ్యి వైపు తిరిగేది. చివరికి ఒక రోజు మౌనిక ఫోను చేసింది. ఈసారికి హెచ్చరించి వదిలేశారు, పని నిలబడింది. అక్క చీరకొంగుతో కళ్లు తుడుచుకుంటూ చాయ్ పెట్టింది. సాబుకు కూడా పోసింది గానీ గ్లాసు చేతికి ఇవ్వలేదు, గోడ మీద పెట్టింది. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

అక్కడితో అయిపోవాలి. సాబుకు అక్కడే మొదలైంది.

ముందు నా వెంట పడ్డాడు. "సార్, గా దేశం అసలు పేరేంది? క్రికెట్ల ఇంగ్లండ్ అంటరు. ఒలింపిక్సుల గ్రేట్ బ్రిటన్ అంటరు. పిల్ల వీసా మీద యునైటెడ్ కింగ్‌డమ్ అని ఉన్నది. మనోళ్లు లండన్ అంటరు. ఒక్క మనిషికి ఇన్ని పేర్లుంటే పోలీసోళ్లు ఇడుస్తరా?"

నిజం చెప్తున్నాను, అప్పటిదాకా నాకూ సరిగ్గా తెలియదు. పుస్తకం తీసి చదువుకుని చెప్పాల్సి వచ్చింది. ఆయన డబ్బా మూతలు నాలుగు తెచ్చి అరుగు మీద పరిచాడు. పెద్ద మూత ఇంగ్లండ్, దాని ఊరు లండన్. పైన స్కాట్లండ్. పక్కన వేల్స్. ఈ మూడూ ఉన్న దీవి పేరు గ్రేట్ బ్రిటన్. నాలుగో మూతను జానెడు దూరం జరిపాడు. అది ఉత్తర ఐర్లండ్. నాలుగూ కలిస్తే యునైటెడ్ కింగ్‌డమ్. నాలుగో మూతను ఆనుకుని తన తువ్వాల పరిచి, "గిది వేరే దేశం. అసలు ఐర్లండ్," అన్నాడు. అరుగు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గిప్పుడు సమజైంది సార్. మూడిండ్లు ఒక్క గోడకున్నయి. నాలుగో ఇల్లు సందు అవతల, వేరేటోళ్ల ఇంటికి ఆనుకొని ఉన్నది. కరెంటు మీటరు మాత్రం గీ మూడిండ్లతోని కలిసి ఉన్నది. గంతేనా?"

"గంతే," అన్నాను. నేను చెప్పిన ఏ పాఠమూ అంత తేలిగ్గా లేదు.

"మరి ఆ నాలుగో ఇంటోళ్లు మేం ఎవలమనుకుంటరు సార్?"

దానికి నా పుస్తకంలో తేలికైన జవాబు లేదు. జవాబు మౌనిక దగ్గర దొరికింది. ఆ పిల్లకు ఆయన ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఫోను చేయటం మొదలుపెట్టాడు. "బెల్‌ఫాస్టుల ఇయ్యాల ఆకాశం ఏం రంగున్నది బేటా?" అది ఆయన మొదటి ప్రశ్న. బూడిదరంగు అని చెప్తే, "ఏ బూడిద? పొయ్యిల బూడిదా, సిమెంటు బూడిదా?" అనేవాడట. ఒక సోమవారం పొద్దున్నే సంబరంగా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, పిల్ల పని చేసేకాడ ఒక ముసలాయన, ఒక ముసలామె ఉన్నరట. ఇద్దరు ఒక్క సందుల పుట్టిన్రట. ఆయన నేను ఐరిష్ అంటడట, ఆమె నేను బ్రిటిష్ అంటదట. పక్కపక్క రూములు! ఇద్దరికి మందులేసేది మన చిట్యాల పిల్ల!" నవ్వాడు. తరువాత వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, నవ్వు తగ్గాక అన్నాడు. "నన్ను సుత అడుగుతరు సార్, మీరు ఏడికెల్లి వచ్చిన్రు అని. మా తాతను, ఆయన నాయినను గీడనే మట్టి జేసిన్రు. ఏడికెల్లి వస్త?"

నేను చాయ్ తాగుదాం రమ్మన్నాను.

ఆయనతో చాయ్‌కి పోవటం కూడా కష్టంగా తయారైంది. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఒకాయన తన అల్లుడు లండన్‌లో ఉన్నాడని పక్కవాళ్లకు చెప్తున్నాడు. సాబు గ్లాసు పట్టుకుని వాళ్ల బల్ల దగ్గరికి పోయాడు.

"లండన్ల ఏడ అన్నా?"

"గ్లాస్గో అంటరు."

"అది లండన్ కాదు. స్కాట్లండు. లండన్ ఇంగ్లండుల ఉన్నది."

"ఏదైతేంది సాబూ, అంత ఒకటే గద!"

"ఒకటే ఎట్లైతది? నువ్వు నార్కట్‌పల్లోనివి. ఎవడన్న వచ్చి విజయవాడోడా అని పిలిస్తే పలుకుతవా?"

బల్ల చుట్టూ నవ్వారు. ఆ పెద్దమనిషి మొహం ఎర్రబడింది. "నీ బొమ్మలు నువ్వు ఏస్కోపో," అన్నాడు. అప్పటి నుంచి చౌరస్తాలో ఆయనకు లండన్ సాబు అని పేరు పడింది. ఏ మాట వద్దని మొత్తుకున్నాడో ఆ మాటే తగిలించారు. ఆయనకు చాలా బాధగా ఉండేది, నాతో అన్నాడు కూడా.

తరువాత బళ్ల మీద పడ్డాడు. తాను ప్రపంచ పటం వేసిన ప్రతి బడికీ మోపెడ్ మీద పోవటం మొదలుపెట్టాడు. వెనక ఒక చిన్న పసుపు డబ్బా, సన్న కుంచె. దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు, కల్వకుర్తి దిక్కు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ ఇవ్వరు. హెడ్మాస్టర్లు విసుక్కునేవాళ్లు. ఒకాయన, "గా ఐర్లండ్ ఎవనికి గావాలె సాబ్? బాత్రూము తలుపుకు రంగెయ్యి," అన్నాడట. సాబు ముందు ఐర్లండ్ మూల దిద్ది, తరువాత తలుపుకు కూడా రంగు వేసి వచ్చాడు. ఎండలో అన్నేసి మైళ్లు తిరగవద్దని ఇంట్లో గొడవ. డాక్టరు గుండె బాగాలేదన్నాడు. ఆయన చెవిన పెట్టలేదు.

మా బడిలో పటం మాత్రం అన్నిటికన్నా ముందు దిద్దాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నిచ్చెన అక్కర్లేదు, మునివేళ్ల మీద నిలబడి ఊపిరి బిగబట్టి వేస్తున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. ఇప్పుడైనా అనాలనుకున్నాను.

"సాబ్, ఆ రోజు నేను..."

"సార్, జర ఆగుండ్రి. చెయ్యి వణుకుతది," అన్నాడు, గోడ మీంచి చూపు తిప్పకుండా.

ఆగాను. రంగు వేయటం అయిపోయింది. ఆయన కుంచె కడుక్కుని, "ఇంకా చాన బళ్లున్నయి, పోత," అని మోపెడ్ ఎక్కాడు. నేను మళ్లీ ఎత్తలేదు. ఆయన వినదలచుకోలేదని నాకు నేనే చెప్పుకుని ఆ ఊరి నుంచి ప్రమోషన్ మీద వచ్చేశాను.

సాబు పోయిన నలభయ్యో రోజు ఆయన పేర ఫాతిహా ప్రార్థన చదివిస్తున్నామని ఆయన కొడుకు ఫోను చేస్తే చిట్యాల పోయాను. మౌనిక అక్కడ ఉంది. సెలవు మీద వచ్చిందట. ఎర్ర అంచు చీర కట్టుకుని ఆడవాళ్ల పక్కన కూర్చుంది. అందరూ తిని వెళ్తున్నప్పుడు సాబు భార్య ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఆయన చేసిన తప్పు మాఫ్ చెయ్యి బేటా. ఆఖరు దినం దాక గదే రంది పెట్టుకున్నడు. దవాఖానల సుత, ఇంకా రెండు బళ్లు మిగిలినయి అన్నడు. నాకు సుత కోపమొచ్చేది, రంగు సూస్కోని ఎయ్యొద్దా అని రోజు తిట్టిన. ఆయన కిమ్మనలే."

నేను గోడ వైపు చూశాను. ఇద్దరం సెలవు తీసుకుని బయటికి వచ్చాం. బస్టాండు దాకా నడిచాం. హైవే మీద లారీల చప్పుడు. ఆ చప్పుడులో చెప్పటం తేలికనిపించింది.

"మౌనికా, ఒక మాట. ఆ ఐర్లండుకు ఒకటే రంగు వెయ్యమన్నది నేను. సాబు అట్లాసు తెచ్చి అడిగిండు. గోరంత ముక్క, ఎవరు చూస్తరన్న. అందరి ముందర తప్పు ఆయన మీద పడ్డా నేను నోరిప్పలే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆ పిల్ల నా వైపు చూడకుండా రోడ్డు చూస్తోంది.

"నేను ఆ గోడ సూసి పోలే సార్," అంది. "ఆ నక్షా నాకు యాదికే లేదు. చేతిల ఫోనున్నది, దాంట్ల సూస్కుంటనే బస్సెక్కిన. గీత కనవడ్డది. ఆ పక్క వేరే పేరు సుత రాసున్నది. మనం సాగర్ కట్ట దాటి మాచర్ల పోతలేమా? మనకు రెండు రాష్ట్రాలైనా బస్సుల ఎవ్వరడగరు కద. గట్లనే అనుకున్న."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "మరి ఆయనకు చెప్పలేదా?"

"మొదటి శుక్రవారమే చెప్దామనుకున్న సార్. ఆ ఉత్తరం సూపిస్తే మేనేజరమ్మ చదివి నవ్వింది, ఫైలుల పెట్టుకున్నది. దాన్ని సూసే ఇడిశిపెట్టిన్రో ఏమో నాకు తెల్వది. తప్పు ఆయనది కాదంటే ఆ ఉత్తరం అబద్ధమైతదని భయం. అదొకటే కాదు సార్. ఆడ నాకెవ్వరు లేరు. మా అమ్మ సుత లండన్ల మంచిగున్నవా బిడ్డా అంటది. నేనుండే ఊరు పేరు నోటితోని అనేటోడు ఆయనొక్కడే. ఆకాశం ఎట్లున్నదని ఎవలడుగుతరు సార్? తప్పు నాది కాదని తెలిస్తే ఇగ నాకెందుకు ఫోన్ జేస్తడు, నేనాయనకేమైత అనుకున్న. వచ్చే వారం చెప్త, వచ్చే వారం చెప్త అనుకుంట రెండేండ్లు ఊకున్న."

నల్లగొండ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలిచాడు. ఇద్దరం కదల్లేదు. బస్సు పోయింది. ఎండలో, ఆ వయసులో, గుండె బాగాలేని మనిషి ఒక పసుపు డబ్బా కట్టుకుని ఎన్ని ఊళ్లు తిరిగాడో మేమిద్దరం ఎవరికి వాళ్లం ఆలోచిస్తున్నామని తెలుస్తూనే ఉంది.

"ఆయన తప్పు అస్సలు లేదు కద సార్," అంది మౌనిక. "ఆయన భార్య మాత్రం తప్పు ఇంకా ఆయనదే అనుకుంటాంది."

ఆ మాట ఆమెకు చెప్పటానికి వెనక్కి తిరిగాం. ఇల్లు చేరేసరికి చుట్టాలందరూ వెళ్లిపోయారు. సాబు భార్య వాకిట్లో పీట మీద కూర్చుని పెద్ద గిన్నెలు తోముతోంది. మమ్మల్ని చూసి మసిచేతులతో లేచి నిలబడింది.

"ఏమన్న మరిచిపోయిన్రా సార్?" అంది.